బోర్లా పడనన్న గిన్నె

మా ఆయన లెక్కల మాస్టారు. ముప్పై ఏళ్లుగా పదో తరగతికి గ్రాఫులు సుద్దముక్కతో ఒక్క ఊపున గీస్తారు. అదే ఇంట్లో మేకు కొట్టమంటే గోడకి నాలుగు కన్నాలు పెడతారు. కొత్తగా వచ్చిన హెడ్‌మాస్టరమ్మ ఇకమీదట గ్రాఫుల పాఠం కంప్యూటరు తెరమీదే చెప్పాలంది. సోమవారం తానే వచ్చి చూస్తానని, కుదరకపోతే పదో తరగతి ఇంకొకరికి ఇస్తానని కూడా అంది. ఆ తరగతి పోతే ఈయన మనిషి కాలేరని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఒక వరుసలో మైనస్ మూడు నుంచి మూడు దాకా అంకెలు వేసి, పక్క వరుసలో మైనస్ ఎక్స్ స్క్వేర్ అని సూత్రం కొట్టారు. గీత బోర్లించిన గిన్నెలా రావాలట. వెల్లకిలా వచ్చింది. చెరిపి మళ్లీ కొట్టినా అంతే. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటోంది ఆ యంత్రం.

"మూడు మూళ్లు తొమ్మిది, ముందు మైనస్ ఉంది. మైనస్ తొమ్మిది కదే? ఇది ఉత్త తొమ్మిదంటుందేమిటి?" అని నన్నడిగారు. బట్టలు కుట్టుకునేదాన్ని, నాకేం తెలుసు?

"కంప్యూటర్ తప్పు చెయ్యదు నాన్నా. నువ్వే ఎక్కడో పొరబడుంటావు" అంది అమ్మాయి.

ఆ మాటతో ఆయన కుడితిలో పడ్డ ఎలుకయ్యారు. అటక మీంచి పాత నోట్సులన్నీ దించారు. అన్నం దగ్గర కూడా వేళ్లు మడుస్తూనే ఉన్నారు. చివరికి, "ఇన్నేళ్లూ పిల్లలకి తప్పే చెప్పానేమోనే" అన్నారు. నాకు ఒళ్లు మండింది.

"దేంట్లోంచి తీసెయ్యాలో చెప్పకుండా తీసెయ్యమంటే దానికేం అర్థమవుతుంది? ఆ మైనస్‌కి ముందు ఒక సున్నా పెట్టి చూడండి" అన్నాను.

విసుగ్గానే పెట్టారు. గిన్నె బోర్లా పడింది. నేనే బిత్తరపోయాను. సాయంత్రానికి అమ్మాయి సంగతేమిటో వెతికి చెప్పింది. సూత్రం మొదట్లో మైనస్ ఉంటే ఆ యంత్రం దాన్ని ముందు అంకెకి అంటించి, తర్వాత స్క్వేర్ చేస్తుందట. ఎందుకలా అంటే అమ్మాయికీ తెలియదు.

సోమవారం ఆయన కావాలనే ముందు వెల్లకిలా గీత చూపించారు. "మీరు నోట్‌బుక్‌లో గీసింది రైటా, తెర రైటా?" అని అడిగితే క్లాసంతా తెరే అందట. హెడ్‌మాస్టరమ్మ కూడా తల ఊపిందట. అప్పుడు సున్నా పెట్టి చూపించారు. తరగతి ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక మాత్రం మొహం ముడుచుకుని పాత నోట్సులు అటక మీదికి ఎక్కిస్తున్నారు. "తెరే రైటన్నందుకు పిల్లల్ని తిట్టారా?" అన్నాను.

"ఏమని తిట్టను? నిన్న నేనూ తెరనే నమ్మాను కదే."