మునియమ్మ పట్టు

తొమ్మిదేళ్ళుగా ఒక అబద్ధాన్ని నడుముకు కట్టుకుని తిరుగుతున్నాను. పైన నల్ల బెల్టు, కింద అది. బెల్టును ఇంటికి పోగానే విప్పి కొక్కేనికి తగిలిస్తాను. రెండోదాని ముడి ఎక్కడుందో తెలుసు. చెయ్యి పోదు, అంతే.

విషయం ఇదీ. నేను ఒక ఆడమనిషి చిటికెన వేలు విరిచాను. అది ప్రమాదమని అందరూ అనుకున్నారు. తప్పు ఆమెదేనని నేను చెప్పాను. పాపం, ఆమె కూడా అదే నమ్మింది. ఇప్పుడు ఆమె కూతురు నా క్లాసులోనే నిలబడి, ఆ అబద్ధాన్ని చిన్నపిల్లలకు పాఠంగా చెబుతోంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. దీన్ని ధైర్యం అనుకోకండి. ధైర్యమే ఉంటే ఆమె ఇంటికి పోయి చెప్పేవాణ్ణి, ఈ కాగితాలెందుకు?

తమిళనాడు ధర్మపురిలో మాది పాత్రల కొట్టు. ముత్తాతల నాటి నుంచి ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కొట్టు మీద మేడ ఖాళీగా ఉంటే అక్కడ కరాటే క్లాసు పెట్టాను. కింద స్టీలు బిందెల చప్పుడు, పైన పిల్లల అరుపులు. గోడకు పెద్ద అక్షరాలతో ఒక నియమం రాయించాను: సాధనలో ఎదుటివారికి దెబ్బ తగలకూడదు. దాని కింద నిలబడి ఫొటోలు దిగేవాణ్ణి, చేతులు కట్టుకుని, గడ్డం కాస్త పైకెత్తి. ఆ ఫొటోలు ఇప్పుడు చూస్తే నా మొహం మీద నాకే కొట్టాలనిపిస్తుంది.

బెల్టుల సంగతి కూడా చెప్పేస్తాను. తెలుపు, పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, నలుపు. కొన్ని నెలలకోసారి పిల్లల నడుముకు రంగు మారకపోతే తల్లిదండ్రుల మొహాల్లో రంగు మారుతుంది. అందుకని గ్రేడింగు పరీక్షలో ఒక్కరిని కూడా ఫెయిలు చేసిన పాపాన పోలేదు. కాలు మోకాలి దాకా లేవని పిల్లవాడికి కూడా చప్పట్లు కొట్టించి నీలం బెల్టు కట్టాను. నాకు నల్లది కట్టినవాళ్ళు కూడా అలాగే కట్టారు. ఆ రోజు నాతో తలపడినవాడు నా స్నేహితుడే. ఎప్పుడు పడాలో వాడికి తెలుసు, వాడు పడతాడని నాకు తెలుసు, పరీక్ష పెట్టిన పెద్ద మాస్టర్‌కు ఇద్దరి సంగతీ తెలుసు. ముగ్గురం గంభీరంగా వంగి నమస్కారాలు పెట్టుకున్నాం. ఏం నాటకం!

ఆడపిల్లల ఆత్మరక్షణ అంటే మొదట నేర్పేది మణికట్టు విడిపించుకోవడం. దుండగుడు చెయ్యి పట్టుకుంటాడు. వాడి బొటనవేలు వైపు మీ చెయ్యి తిప్పి, గట్టిగా అరిచి, లాగాలి. చెయ్యి వచ్చేస్తుంది. మా మేడ మీద ఎప్పుడూ వచ్చేసేది. ఎందుకు రాదు? అరుపు వినబడగానే పట్టుకున్నవాళ్ళు వేళ్ళు వదులు చేస్తారు. అలా చెయ్యమని నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు. కొత్తగా చేరిన పిల్ల నిజంగా పట్టుకుంటే పక్కపిల్లలు గుర్రుగా చూస్తారు, నేను విసుగ్గా చూస్తాను, రెండో వారానికి దానికీ తెలిసిపోతుంది. నేనూ అలాగే నేర్చుకున్నాను. పదిహేనేళ్ళలో నా చేతిని నిజంగా పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. ఎవరూ పట్టుకోని చేతిని పదిహేనేళ్ళు విడిపించుకుంటూ, దానికి విద్య అని పేరు పెట్టుకున్నాను.

మునియమ్మకు ఈ సంగతి తెలియదు. ఆమె తాపీమేస్త్రీల దగ్గర కూలిపని చేసేది. ఇక్కడ దాన్ని సిత్తాళు పని అంటారు: ఇనుప గంపలో కంకర, ఇసుక ఎత్తుకుని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిచ్చెన ఎక్కి దిగడం. కూతురు పవిత్రను చేర్పించడానికి వచ్చిన రోజు నేను ఫోనులో మా అమ్మతో తెలుగులో మాట్లాడుతుంటే విని, మొహమంతా వెలిగిపోయింది. వాళ్ళదీ ఇంటి భాష తెలుగే. "మన మాట మాట్లాడేవాళ్ళు ఉండారే సామీ, ఇంకేం భయం లేదు నా బిడ్డకు" అంది. నాకేమో చిన్నతనంగా అనిపించింది. సిమెంటు అంటిన కాళ్ళతో వచ్చిన మనిషి నన్ను తనవాడినంటోంది. పైకి నవ్వాను. నా నవ్వులన్నీ అప్పట్లో అలాంటివే.

ఆ సంవత్సరం ఒక కళ్యాణమండపంలో ప్రదర్శన పెట్టాం. తల్లిదండ్రులందరూ వచ్చారు, ఫోనులు పైకెత్తి కూర్చున్నారు. ముందు వరుసలో ఇస్త్రీ చొక్కాల పెద్దమనుషులు. చివర్లో నా ముఖ్యమైన అంశం ఒకటుంటుంది. జనంలోంచి ఒక తల్లిని వేదిక మీదికి పిలుస్తాను, నా చెయ్యి ఎంత బలముంటే అంత బలంగా పట్టుకోమంటాను, ఒక్క అరుపుతో విడిపించుకుంటాను. ఆ తల్లి ప్రతిసారీ ఒకరే. పాపారపట్టి నుంచి వచ్చే ఒక విద్యార్థి తల్లి. ముందు రోజే నాలుగుసార్లు సాధన చేయిస్తాను. ఆ రోజు ఆమె ఎక్కిన బస్సు దారిలో ఆగిపోయింది. మైకులో నేను పిలిచేశాను. ఎవరూ లేవలేదు. అప్పుడు పవిత్ర వాళ్ళమ్మను రెండు చేతులతో నెట్టింది, "పో మా, పో" అని. తన తల్లి కూడా మాస్టర్‌తో వేదిక మీద నిలబడాలని ఆ పిల్ల ఆశ.

మునియమ్మ చీరకొంగు నడుములో దోపుకుని వచ్చింది. నేను మైకులో తమిళంలో అన్నాను: నువ్వు దొంగవి, నేను ఆడపిల్లను. పట్టుకో. ఏం జరిగినా వదలకూడదు, సరేనా? జనం నవ్వారు. ఆమె తలూపింది.

పట్టుకుంది.

ఆ పట్టు గురించి ఎలా చెప్పను? రోజుకు వందసార్లు గంప అంచును పట్టుకున్న చెయ్యి అది. నేను తిప్పాను. అరిచాను. లాగాను. చెయ్యి రాలేదు. మళ్ళీ అరిచాను, ఇంకా గట్టిగా, అరుపులోనే బలమున్నట్టు. నా చెయ్యి అక్కడే ఉంది. ముందు వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మూడోసారి లాగినప్పుడు నేనే ముందుకు తూలాను. చెవులు వేడెక్కిపోయాయి. నల్ల బెల్టు కట్టుకున్న మనిషి, కంకర మోసే ఆడమనిషి చేతిలో ఎలుకలా గింజుకుంటున్నాడు, ఫోనులన్నీ అది రికార్డు చేస్తున్నాయి.

ఇక్కడ ఒక మాట దాటేస్తున్నాను. చివర్లో చెబుతాను. చెప్పాలి.

రెండో చేత్తో ఆమె చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరిచాను. చూసేవాళ్ళకు అదీ పట్టు విడిపించే పద్ధతే అనిపించి ఉంటుంది. చప్పుడు నాకు వినబడింది. ఆమెకు వినబడే ఉంటుంది. మిగతావాళ్ళకు వినబడలేదు, ఎందుకంటే నా చెయ్యి బయటికి రాగానే వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఎంత చప్పట్లు! ఆమె అరవలేదు. వేలిని కొంగులో చుట్టుకుని, ఏదో తప్పు చేసినదానిలా తలవంచుకుని మెట్లు దిగింది. నేను మైకు తీసుకుని, శిక్షణ లేనివాళ్ళు పట్టు పడితే ఇలాగే దెబ్బ తగులుతుందని, ఆమె తప్పుగా పట్టుకుందని ఉపన్యాసం ఇచ్చాను. ఆ గొంతు ఎవరిది? అంత తొందరగా, అంత నున్నగా ఆ అబద్ధం నా నోట్లోకి ఎక్కడి నుంచి వచ్చింది? ఎంత ఆలోచించినా ఒకటే సమాధానం. అది అప్పటికే అక్కడ సిద్ధంగా ఉంది. పదిహేనేళ్ళుగా నేను సాధన చేసింది దాన్నే.

నాటువైద్యుడి దగ్గర కట్టు కట్టించుకుని, తర్వాతి వారం ఆమె మేడ మెట్లెక్కి వచ్చింది. గొడవకు వచ్చిందనుకుని నేను కుర్చీలోంచి లేవలేదు.

"నాదే తప్పు సామీ. నాకు పట్టుకునేకి తెలీలేదు. పదిమందిలో మీకు ఇబ్బంది చేసినాను. పాపను మాత్రం రావద్దనొద్దు."

"సరేలేమ్మా. అయినదేదో అయిపోయె. ఇంకోతూరి తెలీని పనికి రావద్దు."

క్షమించేశాను! చూశారా నా పెద్దమనసు! వేలు విరిగినది ఆమెకు, క్షమించినది నేను. ఆమె దండం పెట్టింది కూడా, కట్టు కట్టిన చేత్తో. నేను అందుకున్నాను.

వేలు వంకరగానే అతుక్కుంది. పట్టుకు బలమంతా చిటికెన వేలిదని మా విద్యలో చిన్నపిల్లలకు కూడా చెబుతాం. ఆ తర్వాత ఆమె చేతిలో గంప నిలవలేదు. మేస్త్రీ ఆమెను కొత్త గోడలకు నీళ్ళు కొట్టే పనికి మార్చాడు, కూలి తగ్గించి. ఆ మాట పవిత్ర చెబితే విన్నాను, అయ్యో అన్నాను, తర్వాతి బ్యాచి వచ్చిందని లేచి వెళ్ళిపోయాను. ఎవరినైనా ఇంత అసహ్యించుకోవచ్చా? నన్ను నేను అసహ్యించుకుంటున్నాను. అయితే ఈ అసహ్యంలో కూడా ఎక్కడో ఒక సుఖముంది, నేను మంచివాణ్ణి కాబట్టే బాధపడుతున్నానన్న సుఖం. దాన్ని చూస్తే ఇంకా రోత.

పవిత్ర మానలేదు. ఎండైనా వానైనా వచ్చేది. గోడ పక్కన ఒంటరిగా ఒకే దెబ్బను సాధన చేసేది. ఒకమాట మాత్రం నిజం చెప్పాలి: ఆ మేడ మీద నేను కట్టిన బెల్టుల్లో నిజమైనది ఆ పిల్లదొక్కటే. పోయిన సంవత్సరం నల్లది కట్టాను. ఇప్పుడు ఆదివారాలు చిన్నపిల్లల క్లాసు తనే చూసుకుంటోంది.

పోయిన ఆదివారం నేను మూల కుర్చీలో కూర్చుని ఉన్నాను. పవిత్ర పిల్లలకు మణికట్టు పాఠం చెబుతోంది. మునియమ్మ కూతురి కోసం వచ్చి పై మెట్టు మీద కూర్చుంది. సరిగా పట్టుకోవడం తెలియకపోతే పట్టుకున్నవాళ్ళకే దెబ్బ తగులుతుంది, మా అమ్మను చూడండి, అంది పవిత్ర తమిళంలో. పిల్లలందరూ తిరిగి చూశారు. మునియమ్మ నవ్వుతూ చెయ్యి పైకెత్తి, ఆ వంకర వేలు వాళ్ళకు చూపించింది, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ. తర్వాత నా వైపు తిరిగి, మన మాటలో అడిగింది.

"అవునా కాదా సామీ?"

అవునన్నాను.

ఈ మధ్యాహ్నం కొట్టులో కూర్చుని ఇది రాస్తున్నాను. తెలుగులో రాస్తున్నాను. ఎందుకో తెలుసా? నా చిన్నప్పుడు మా తాత పలక మీద దిద్దించిన అక్షరాలివి. పవిత్రకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. మునియమ్మకు ఏ అక్షరమూ రాదు. నా శిష్యుల్లో ఒక్కరూ దీన్ని చదవలేరు. ఒప్పుకునేటప్పుడు కూడా పట్టుబడని భాష చూసుకుని ఒప్పుకుంటున్నాను. ఇదీ నా బతుకు.

ఇక దాటేసిన మాట.

మూడోసారి లాగి తూలినప్పుడు నా మొహం ఆమె మొహానికి దగ్గరగా వచ్చింది. నాకు విడిపించుకోవడం రాదని ఆమెకు అర్థమైంది. ఆమె కళ్ళల్లో వెక్కిరింపు ఉంటుందేమోనని చూశాను. లేదు. జాలి కూడా కాదు. నా పరువు పోతుందని ఆమె భయపడుతోంది. మైకుకు అందకుండా, మండపంలో ఎవరికీ అర్థం కాకుండా, మన మాటలో, చాలా మెల్లగా అడిగింది.

"ఇడిసేదా సామీ?"

వదిలెయ్యమంటారా అని. ఊఁ అంటే చాలు. వేళ్ళు వదులు చేసేది. చెయ్యి వచ్చేసేది, చప్పట్లు ఎలాగూ వచ్చేవి, వేలు మిగిలేది. నా పదిహేనేళ్ళ విద్య మొత్తం ఆమె ఆ ఒక్క మాటలో చెప్పేసింది. వేదిక మీద నన్ను చూసి జనం ఎంత నవ్వినా ఓర్చుకునేవాణ్ణేమో. ఆ దయను ఓర్చుకోలేకపోయాను.

మునియమ్మ తప్పుగా పట్టుకోలేదు. నేను చెప్పినట్టే, సరిగ్గా పట్టుకుంది. నేను విడిపించుకోలేకపోయాను. వదిలెయ్యమంటారా అని అడిగింది. అడిగిన తర్వాతే విరిచాను.

రాశాను.