హౌ ఆర్ యూ అంటే చెంపదెబ్బ

మనవరాలు ఫోన్లో "హౌ ఆర్ యూ" అంటూ ఇంగ్లీషు నేర్చుకుంటుంటే నా చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది.

కరీంనగర్ బడిలో చదివిన నా ఈడువాళ్లారా, గుర్తుందా? ఇంగ్లీషు గంటలో ఇద్దరిని ఎదురెదురుగా నిలబెట్టేవారు. జవాబు చెప్పలేనివాడి ముక్కు పట్టుకుని, అడిగినవాడే చెంప పగలగొట్టాలి. దాన్ని చదువనేవారు!

ఒకరోజు నేస్తం రాజయ్య "హౌ ఆర్ యూ" అని అడిగితే భయంతో నాకు జవాబు రాలేదు. వాడు నా చెంప మీద చెయ్యి మెల్లగా తాకించాడు.

"కొట్టుడంటె గిట్లరా!" అని సారు వాడినే కొట్టి చూపించాడు. వాడి పెదవి చిట్లింది. వాడు ఏడుస్తూనే బలమంతా పెట్టి నన్ను కొట్టాడు. నా ఎడమ చెవిలోంచి నెత్తురు చొక్కా మీదికి కారింది.

"గిప్పుడు చెప్పు," అన్నాడు సారు.

"ఐ యామ్ క్వైట్ వెల్, థాంక్యూ," అన్నాను.

రాజయ్య ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. "ఏం రా, మంచిగున్నవా?" అని తెలుగులోనే అడుగుతాడు. నేను కుడి చెవితో వింటాను.