రామలక్ష్మమ్మ గొంతు

అనంతపురంలోని ఒక నర్సింగ్ కాలేజీలో రామలక్ష్మమ్మ ఆయా. సొంత ఊరు ఉరవకొండ పక్కన పల్లె. వేరుశనగ వరుసగా మూడేళ్లు ఎండిపోయి, ఆ మీదట భర్త కూడా పోయాక, గదులు ఊడ్చే ఈ పనిలో చేరింది.

రెండేళ్ల కిందట టీచరు పుష్పావతి మేడమ్ విద్యార్థినుల కోసం కంప్యూటర్లో ఒక ఆట తయారు చేయించింది. తెర మీద మంచంలో ఒక రోగి ఉంటుంది. నాడి చూడాలి, బీపీ చూడాలి, ఆక్సిజన్ పెట్టాలి, డాక్టరును పిలవాలి. ఆలస్యమైతే రోగి చచ్చిపోతుంది. మళ్లీ మొదటి నుంచి ఆడాలి. రోగి ఇక్కడి మనిషిలా కనబడి, ఇక్కడి మాటే మాట్లాడాలని మేడమ్ రామలక్ష్మమ్మకు ఫొటోలు తీయించి, ఆమెతో పదకొండు మాటలు చెప్పించి రికార్డు చేసింది.

అప్పటి నుంచి వరండా ఊడుస్తుంటే ల్యాబులోంచి ఆమె గొంతు ఆమెకే వినిపించేది. "ఎద పట్టేసినట్లుండాది తల్లీ." "ఊపిరాడ్తా లేదు." కాసేపటికి ఆగిపోయేది. మళ్లీ మొదలయ్యేది.

"ఈపొద్దు ఎన్నిసార్లు సచ్చిపోయినానమ్మా?" అని ల్యాబులోంచి వచ్చే అమ్మాయిలను అడిగేది. మొదట్లో నవ్వుతూ అడిగింది. తర్వాత నవ్వడం మానేసింది, లెక్క చెప్పేదాకా కదిలేది కాదు.

ఒక మధ్యాహ్నం గంగాదేవి అనే రెండో ఏడాది అమ్మాయి ల్యాబులోంచి బయటికొచ్చి, గోడకు ఆనుకుని నిలబడింది.

"పెద్దమ్మా, చెన్నప్ప అంటే ఎవరు?"

రామలక్ష్మమ్మ చీపురు ఆగింది. "ఆ పేరు నీకెవరు చెప్పినారు?"

"నువ్వే. నేను ఆక్సిజన్ పెట్టేది ఆలస్యమైంది. పానం పొయ్యే ముందు 'చెన్నప్పా, యాడుండావు' అన్యావు."

చెన్నప్ప ఆమె భర్త. పెళ్లయిన నాటి నుంచి ఆమె ఆ పేరు నోట పలకలేదు. రేషన్ కార్డు రాయించేటప్పుడు కూడా పక్కింటామెతో చెప్పించింది. ఆయన ఆసుపత్రి వరండాలో స్ట్రెచర్ మీద పోయాడు. ఆ సమయానికి ఆమె చీటీ కోసం వరుసలో నిలబడి ఉంది.

సంగతి తెలిసి మేడమ్ రికార్డులన్నీ ఒక్కొక్కటే వాళ్లిద్దరికీ వినిపించింది. పదకొండే ఉన్నాయి. ఆ పేరు ఎందులోనూ లేదు. గంగాదేవి మాత్రం మాట మార్చలేదు.

"తీసేస్తాలే రామలక్ష్మమ్మా. వేరేవాళ్ల గొంతు పెడదాం," అంది మేడమ్.

రామలక్ష్మమ్మ తెర మీది తన ముఖాన్ని చాలాసేపు చూసింది. "వద్దు మేడమ్. పిల్లోళ్లు నేర్చుకోవల్ల గదా. ఒకటే అడుగుతా. ఆ యమ్మ సచ్చేటప్పుడు ఎవురన్నా చెయ్యి పట్టుకునేట్ల చెయ్యండి."

పది రోజుల్లో మేడమ్ ఆటలో చెయ్యి పట్టుకునే బొత్తాం ఒకటి పెట్టించింది. దానికి మార్కులు లేవు. అయినా అందరూ నొక్కేవారు. ఆ పేరు మళ్లీ ఎవరికీ వినిపించలేదు.

మే నెలలో, పరీక్షలయ్యాక, మేడమ్ ఆమెను కూర్చోబెట్టి ఆడించింది. రామలక్ష్మమ్మ బొత్తాం నొక్కింది. తెర మీద నర్సు చెయ్యి వెళ్లి రోగి చేతిని పట్టుకుంది. వెంటనే ఆమె మౌస్ వదిలేసి, చేతిని కొంగులో చుట్టుకుంది.

"ఏమైంది?"

"సల్లగా ఉండాది."

ఫ్యాను వేడిగాలి కొడుతోంది. మేడమ్ ఆమె వేళ్లు ముట్టుకుని చూసి, తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

రామలక్ష్మమ్మ ఇప్పటికీ ఆ కాలేజీలోనే పని చేస్తోంది. ల్యాబులోకి మాత్రం ఆ రోజు నుంచి అడుగు పెట్టలేదు, దాన్ని మహేశ్వరి అనే ఇంకో ఆయా ఊడుస్తుంది. లోపల ఆ గొంతు మొదలైతే రామలక్ష్మమ్మ పని ఆపి గుమ్మం బయట నిలబడుతుంది. అది ఆగేదాకా ఎవరు పిలిచినా పలకదు.