నైవేద్యంలో ఉప్పు

మా అత్తవారింట్లో నైవేద్యం రుచి చూడకూడదు. దేవుడి కంటే ముందు నోట్లో పెట్టుకుంటే ఎంగిలి, ఎంగిలి నైవేద్యం పెడితే పాపం. అంచేత చోడవరంలోని ఆ ఇంట్లో పండగ పులిహోర ఒక ఏడు ఉప్పు కషాయం, ఒక ఏడు చప్పిడి. అందరూ కళ్ళకద్దుకుని కిక్కురుమనకుండా మింగేవారు.

ఒక్క చినమామగారు తప్ప. దేవుడు లేడని ఆయన వాదం, ఉన్నాడని మామగారి వాదం. చెరకు తోటకు నీళ్ళు కడుతూ కూడా అన్నదమ్ములిద్దరికీ ఇదే గొడవ.

"అన్నీ తెలిసినోడికి, ఇరవయ్యేళ్ళై మన పులిహోర సంగతి తెలీదేటన్నా?"

"తెలుసురా. ఆయన భక్తి సూస్తాడు గానీ ఉప్పు సూస్తాడేటి?"

నేను కాపురానికొచ్చిన ఏడు, యాభైల మొదట్లో, వినాయక చవితికి పులిహోర కలిపే పని నాకప్పగించారు. అత్తగారు పెరట్లోకి వెళ్ళగానే ఒక్క మెతుకు నోట్లో వేసుకున్నాను. మెతుకంటే మెతుకు కాదు, చిన్న ముద్ద. చప్పగా ఉంది. ఉప్పు వేసి ఇంకో ముద్ద తిన్నాను. కుదిరింది.

పూజయ్యాక మామగారు మొదటి ముద్ద తిని ఆగిపోయారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు.

"ఒరే, ఉప్పు సరిపోయిందిరా!"

చినమామగారు తిన్నారు. మళ్ళీ వడ్డించుకుని తిన్నారు. "ఎవలూ రుసి సూడకుండా ఎలా కుదిరిందన్నా?"

"ఆయనే సూసేడు."

చినమామగారు విస్తరిలో మిగిలిన మెతుకులు ఏరుకుని తిన్నారు. "నాది మూర్ఖపు పట్టు కాదన్నా. రుజువుంటే ఒప్పుకుంటాను. ఉన్నాడేమో. కానీ ఒక్కసారి కుదిరితే సాలదు, వచ్చే చవితికి మళ్ళా సూసి సెప్తాను."

 నోరు విప్పితే బండి కట్టించి రోలుగుంటలోని మా పుట్టింటికి పంపేస్తారు. విప్పకపోతే, ఎంగిలి తినిపించి ఒక పెద్దమనిషిని భక్తుణ్ణి చేసిన పాపం. దేవుడు లేకపోతే బాగుణ్ణని ఆయనకే దండం పెట్టుకున్నాను. అత్తగారు నావైపు ఒక్క చూపు చూసి, విస్తళ్ళు తీసేశారు. ఆ చూపుకి ఏడాదంతా నాకు తిన్నది ఒంటబట్టలేదు.

మళ్ళీ చవితి వచ్చింది. పులిహోర కలిపి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాను. చచ్చినా రుచి చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అత్తగారు వంటింటి తలుపు దగ్గరికి వేసి, నా పక్కకొచ్చి అరచెయ్యి చాపారు.

"నాకూ కొంచెం ఎట్టు. ఇరవయ్యేళ్ళలో ఈ ఇంట్లో పండగనాడు నోటికి హితవుగా తిన్నది నిరుడే. ఇద్దరం సూస్తే పాపం సెరిసగం."

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ముద్ద చేతిలో పెట్టాను. ఆవిడ నిదానంగా నమిలారు.

"ఇంకాస్త ఉప్పెయ్యవే గుంటా. లేపోతే మీ చినమావకి దేవుడు లేకుండా పోతాడు."