మూడో మెట్టు

మా ఫిలాసఫీ మేడమ్ పోయిన మంగళవారం పొద్దున చనిపోయారు. వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసి, "అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. నేనప్పుడు కాలేజీ బస్సులో ఉన్నాను.

"చివర్లో ఇబ్బంది పడ్డారా అండీ?" అని అడిగాను.

"లేదమ్మా. టీ పెట్టమంది. నేను పెట్టి తెచ్చేలోపే..." అన్నారు.

పక్క సీట్లో కూర్చున్న సహోద్యోగి "ఎవరండీ?" అంటే, "మా మేడమ్" అన్నాను. నాకు ఆలోచించడం నేర్పిన మేడమ్ అనబోయి ఊరుకున్నాను. ఆ మాట వింటే ఆవిడ, "నేర్చుకున్నావని రుజువేంటమ్మాయ్?" అనేవారు. నా దగ్గర రుజువు లేదు. నేర్చుకోలేదనడానికి మాత్రం ఉంది. ఇక్కడ రాస్తున్నది అదే.

నేను విజయవాడలో డిగ్రీ చదివేటప్పటికి మా కాలేజీలో ఫిలాసఫీకి పదకొండు మంది ఉండేవాళ్ళం. వేరే గ్రూపులో సీటు దొరకక వచ్చినవాళ్ళమే అందరం. మేడమ్ మొదటిరోజు మాచేత ఒక ప్రశ్నకు జవాబు రాయించి, పేర్లు రాయొద్దన్నారు. కాగితాలన్నీ కలిపేసి తలా ఒకటి పంచి, "ఇది ఎవరు రాశారో మీకు తెలియదు. ఇందులో తప్పేంటో చెప్పండి" అన్నారు. మూడేళ్ళూ అదే పద్ధతి. నాకు ఒకసారి నా కాగితమే వచ్చింది. దాన్ని బాగా తిట్టి కూర్చున్నాను. ఆవిడ తర్వాత పిలిచి, "నీ చేతిరాత నాకు తెలుసులే. బాగా తిట్టావు" అని నవ్వారు.

"మేడమ్ చెప్పారు కాబట్టి" అని ఎవరైనా అంటే మాత్రం ఆవిడకు నచ్చేది కాదు. "నేను చెప్పాను అనేది కారణం కాదమ్మా. కారణం చెప్పు" అనేవారు. ఎవరైనా ఆవిడతో విభేదిస్తే ముఖం వెలిగిపోయేది. కుర్చీ ఆ అమ్మాయి బెంచీ పక్కకు లాక్కుని, చేతిలో సుద్దముక్క తిప్పుతూ, బెల్లు కొట్టినా వదిలేవారు కాదు.

ఒకరోజు మా క్లాసులో ఒకమ్మాయి లేచి, "ఇవన్నీ పరాయివాళ్ళ ఆలోచనలు మేడమ్. మన ఆలోచన వేరు కదండీ" అంది.

"మనం అంటే ఎవరెవరమమ్మా? ఈ గదిలోనే లెక్కపెట్టి చెప్పు" అన్నారు మేడమ్.

ఆ అమ్మాయి చుట్టూ చూసింది. ఇద్దరు ముగ్గురి దగ్గర ఆగింది. లెక్కపెట్టలేక కూర్చుంది. మేడమ్ ఆ అమ్మాయిని ఏమీ అనలేదు. కానీ ఆ రోజే మాకు తమ అమ్మగారి సంగతి చెప్పారు.

మేడమ్‌ది పామర్రు దగ్గర పల్లె. వాళ్ళమ్మ నాట్లకు, కలుపుకు వెళ్ళి ఇద్దరాడపిల్లల్ని చదివించింది. మేడమ్‌కు పీహెచ్‌డీ వచ్చినప్పుడు ఇంటికెళ్ళి, ఏం రాశావే అని తల్లి అడిగితే ఇలా చెప్పారట: "మనిషన్నవాడు ఎవరైనా సరే, సరిగ్గా ఆలోచిస్తే ఒకే నిజం దగ్గరికి వస్తాడని రాశానమ్మా."

వాళ్ళమ్మ చేటలో బియ్యం చెరుగుతూ అడిగిందట: "ఏ మనిషే? గట్టు మీద నిలబడ్డోడా, బురదలో వంగినోళ్ళా? ఇద్దరికీ సేను ఒక్కలాగ కనబడిద్దా?"

మేడమ్ ఇది నవ్వుతూనే చెప్పారు. "నా పరీక్షకు వచ్చిన ప్రొఫెసర్లు ఎవరూ అడగని ప్రశ్న. నాకు ఇప్పటికీ జవాబు తెలియదు" అన్నారు.

మాది ఉయ్యూరు. నాన్న చెరకు వేసేవాడు. ఒకసారి అటుగా వచ్చిన మేడమ్‌ను నేనే పట్టుబట్టి ఇంటికి తీసుకెళ్ళాను. నాన్న ఎదురొచ్చి నమస్కారం పెట్టి, కూర్చోబెట్టి, "ఏ ఊరండీ మీది?" అన్నాడు. చెప్పారు. "అక్కడ ఎవరి తాలూకండీ?" అన్నాడు. "మా అమ్మ నాట్లేసేదండీ. మీరనుకునేవాళ్ళెవరి తాలూకూ కాదు" అన్నారు మేడమ్ మామూలుగా. నాన్న ముఖంలో ఏదో సర్దుకున్నట్టయింది. అక్కణ్ణుంచి మహా మర్యాదగా మాట్లాడాడు. మా నాన్న ప్రతిదానికీ అడ్డుతగిలే మనిషి. కరెంటు గురించీ, కాలువ నీళ్ళ గురించీ, దేవుడి గురించీ ఎవరేమన్నా కాదంటాడు. ఆ సాయంత్రం మేడమ్ ఏమన్నా "అవునండీ, నిజమేనండీ" అన్నాడు. ఆవిడ వెళ్ళాక అమ్మతో, "వాళ్ళల్లో ఇంత చదువుకున్నావిడని నేను చూళ్ళా" అన్నాడు. నాన్న ఎంత బాగా మాట్లాడాడో అని నాకు ఆ రోజు సంతోషమే వేసింది. ఆ మర్యాద నాకూ అబ్బిందని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

నేను పీజీ చేసి, రీసెర్చిలో చేరాను. ఆ రోజుల్లో విజయవాడలోనే ఒక కాలేజీలో పెద్ద సెమినార్ జరిగింది. మేడమ్ పేపరు పంపారు. ఒక మాట నిజమో కాదో తేల్చడానికి, ఆ మాట అన్నది ఎవరో చూడాలా అక్కర్లేదా అన్నది దాని విషయం. కార్యక్రమాల జాబితా టైపు చేసింది నేనే. నిర్వాహకులు ఆవిడ పేపరును "అట్టడుగు గొంతులు" అనే సెషన్లో వేయమన్నారు. వేశాను. నా పేపరు "జ్ఞాన సిద్ధాంతం" సెషన్లో ఉంది. నా గొంతు ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

పొద్దున నా వంతు వచ్చింది. ముగ్గురు లేచి నన్ను చీల్చి చెండాడారు. మా గైడ్ గారు కూడా పేపరు చదివారు. నేను లేచి, అందులో ఒక ఉదాహరణ సరిపోలేదని చెప్పాను. ఆయన ముఖం చిట్లించుకున్నా ఒప్పుకున్నారు.

మధ్యాహ్నం మేడమ్ చదివారు. వాదాన్ని మెట్లు మెట్లుగా పెట్టడం ఆవిడ అలవాటు. మొదటి మెట్టు, నిజం అనేది చెప్పినవాళ్ళను బట్టి మారదు. రెండోది, ప్రతి నిజానికీ కారణాలుంటాయి, వాటిని మాటల్లో పెట్టొచ్చు. మూడోది, మాటల్లో పెట్టిన కారణం ఎవరు చూసినా ఒకేలా కనిపిస్తుంది. అందుచేత కారణాన్ని చూస్తే చాలు, మనిషిని చూడనక్కర్లేదు.

మూడో మెట్టు దగ్గర నా చెయ్యి కాగితం మీద ఆగిపోయింది. గట్టు మీద నిలబడ్డవాడికీ బురదలో వంగినవాళ్ళకూ చేను ఒకేలా కనబడుతుందా? వాళ్ళమ్మ గారి ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. దాన్ని దాటుకుని వెళ్ళిపోయారు. లేచి అడగాలి.

లేవలేదు. ఇంతమందిలో ఆవిణ్ణి తప్పుపట్టడమా, అందులోనూ నేనా అనిపించింది.

హాల్లో యాభై అరవై మంది ఉంటారు. బాగా చప్పట్లు కొట్టారు. ఒకాయన లేచి, "మీ బాల్యం గురించి రెండు మాటలు చెప్పండమ్మా" అన్నాడు. ఇంకొకావిడ, "మీరు ఇక్కడిదాకా రావడమే ఒక తత్వం" అంది. చర్చిలో పాటలు మీ ఆలోచనను ఎలా ప్రభావితం చేశాయని మరొకరు. మేడమ్ అందరికీ నిదానంగా జవాబులిచ్చి దిగిపోయారు.

ఆవిడ గవర్నర్‌పేటలో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టు పైన అద్దెకుండేవారు. ఇద్దరం సిటీ బస్సెక్కాం. కాసేపటికి, "నీకు మూడు అభ్యంతరాలు వచ్చాయి. అసూయగా ఉంది" అన్నారు.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"నా మూడో మెట్టులో తప్పుంది, తెలుసా?"

"కావాలనే వదిలేశారా మేడమ్?"

"కావాలని కాదమ్మాయ్. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నాను. నా ఒక్కదాని వల్ల కావడం లేదు. ఎవరైనా పట్టుకుంటే ఇద్దరం కలిసి చూడొచ్చనుకున్నాను." కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు. "కారణం ఎవరికైనా కనిపిస్తుందని కదా నేను చెప్పింది. తప్పు కూడా అంతేగా. అంత పెద్ద తప్పు బల్ల మీద పెడితే అరవై మందిలో ఒక్కరికీ కనబడలేదు. వాళ్ళకు నేనే కనిపించాను. ఇంక నా మాటకు విలువేముంది?"

తర్వాత నావైపు తిరిగి అడిగారు.

"నీక్కూడా కనిపించలేదా?"

"లేదండీ" అన్నాను.

ఎందుకలా అన్నానో ఎన్నిసార్లు ఆలోచించినా ఒకే జవాబు వస్తుంది. కనిపించిందంటే, మరెందుకు అడగలేదని ఆవిడ అడుగుతారు. దానికి జవాబు నాకు తెలుసు. అది నోటితో చెప్పేది కాదు.

"సరేలే" అన్నారు మేడమ్. స్టాపు వచ్చింది. దిగిపోయారు.

తర్వాత ఆవిడ పేపర్లు పంపడం మానేశారు. కాలేజీలో ఫిలాసఫీ ఎత్తేసి, ఆవిడకు పర్యావరణం, మానవ విలువలు చెప్పమన్నారు. చెప్పారు. సభలకు పిలిచి బాల్యం గురించి మాట్లాడమంటే వెళ్ళేవారు. ఒకసారి నేనూ వెళ్ళాను. పొలం, తల్లి, కిరసనాయిలు దీపం, అన్నీ బాగా చెప్పారు. గట్టు సంగతి మాత్రం చెప్పలేదు. బయటికొచ్చాక, "అదే అడుగుతారు, అదే చెప్తాను. గొడవ లేదు" అన్నారు. నాకు ఫిలాసఫీలో ఉద్యోగం రాలేదు. ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లలకు ఇంటర్వ్యూల్లో ఎలా మాట్లాడాలో నేర్పుతున్నాను. ఫిలాసఫీలో మా ఇద్దరి సంగతీ అలా ముగిసింది.

ఈ వేసవిలో ఆవిడకు జబ్బు ముదిరిందని తెలిసి వెళ్ళాను. మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. చెల్లెలు లోపల గంజి కాస్తున్నారు. నేను ఎలాగైనా చెప్పాలనే వెళ్ళాను.

"మేడమ్, ఆ రోజు బస్సులో అబద్ధం చెప్పాను. మూడో మెట్టు నాకు కనిపించింది. మీ అమ్మగారి ప్రశ్న అక్కడే ఉంది."

ఆవిడ దిండు సర్దుకుని నావైపు తిరిగారు. "మరి ఎందుకు అడగలేదు?"

"మీరు బాధపడతారని."

"మీ గైడ్ గారిని పట్టుకున్నావుగా అదే రోజు? ఆయన బాధపడడా?"

నేను ఆవిడ దుప్పటి అంచు సర్దాను.

"అంటే నేనెవరో చూసి ఊరుకున్నావు."

"అవునండీ."

ఆవిడకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. కళ్ళు మూసుకుని అన్నారు: "నువ్వు చెప్పేది నిజమైతే నేను సంతోషించాలి. ఒక్కరికి కనిపించినా చాలు, నా మాట నిలబడ్డట్టే. కానీ అమ్మాయ్, ఇప్పుడు నేనిలా ఉన్నాను. ఓదార్చడానికి చెప్తున్నావేమో, నాకెలా తెలుస్తుంది?"

"నిజంగానే కనిపించిందండీ. ఒట్టు."

"మర్యాద కోసం ఒకసారి అబద్ధం చెప్పినదానివి. ఎవరు చెప్పారో చూడకుండా మాటను తూచాలని నీకు పాఠం చెప్పింది నేనే. ఇప్పుడు చూడకుండా నావల్ల కావడం లేదు." కళ్ళు తెరిచారు. "మా అమ్మే గెలిచిందేమో."

చెల్లెలు గంజి తెచ్చారు. నేను గ్లాసు పట్టుకున్నాను. రెండు గుక్కలు తాగి, "వేడిగా ఉంది" అన్నారు. నాతో ఆవిడ అన్న ఆఖరి మాట అదే.

పామర్రు దగ్గర వాళ్ళ ఊళ్ళోనే సమాధి చేశారు. పాస్టర్ గారు ప్రార్థన చేశారు. కాలేజీ తరఫున వచ్చినాయన ఆవిడ నిరాడంబరురాలన్నారు. ఒక సంఘం నాయకుడు ఆవిడ మన జాతి గర్వం అన్నాడు. నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. ఆవిడ వాదంలో ఒక తప్పుందనీ, ఆవిడకు కావలసింది దాన్ని ఎవరైనా పట్టుకోవడమేననీ చెప్పాలని లేచాను. ముందు వరుసలో ఆవిడ బంధువులు, పొలం పని మానుకుని వచ్చిన ఆడవాళ్ళు, ఏడుస్తూ నావైపు చూస్తున్నారు. "మేడమ్ మా అందరికీ స్ఫూర్తి" అన్నాను. అందరూ తలలాడించారు.

తిరిగి వచ్చేటప్పుడు చెల్లెలు ఒక గుడ్డసంచీ చేతికిచ్చారు. "ఏవో రాసుకున్న పుస్తకాలమ్మా. మాకు అర్థం కావు. నువ్వు తీసుకో."

ఇంటికొచ్చి తీశాను. పొడుగాటి రూళ్ళ పుస్తకాలు ఏడు. ప్రతి పేజీనీ నిలువుగా మధ్యకు మడిచి, ఎడమవైపు మాత్రమే రాశారు. కుడివైపు పైన "అభ్యంతరం" అని ఒక్క మాట రాసి, కిందంతా ఖాళీగా వదిలేశారు. తేదీలు చూస్తే సెమినారుకు ముందువీ, తర్వాతవీ కూడా ఉన్నాయి. రాయడం ఆపలేదన్నమాట, పంపడమే మానేశారు. ఆరో పుస్తకంలో మూడో మెట్టు కనిపించింది, కొట్టివేతలతో నిండిపోయి. దాని పక్కన కుడివైపు మాత్రం పెన్సిలుతో ఏదో రాసి ఉంది. పుస్తకం లైటు దగ్గరికి తీసుకెళ్ళి చూశాను.

అవి తీసివేత లెక్కలు. చెల్లెలికి ఫోన్ చేశాను. "మా మనవరాలమ్మా, రెండో తరగతి. సగం కాయితం ఖాళీగానే ఉంది కదా పెద్దమ్మమ్మా అంటే, అక్క చేసుకోమంది" అన్నారు.

నాలుగు లెక్కలున్నాయి. మూడు ఒప్పే. యాభై రెండులోంచి ఇరవై ఏడు తీసేసి, ఆ పిల్ల ఏడులోంచి రెండు తీసి, ముప్పై అయిదు అని వేసింది. దాని చుట్టూ మేడమ్ ఎర్రసిరాతో సున్నా చుట్టి, వణుకుతున్న అక్షరాలతో పక్కన రాశారు: "పైదాంట్లోంచి కిందది తియ్యాలి. కిందదాంట్లోంచి పైది తీశావు. మళ్ళీ చెయ్." మళ్ళీ చేయడానికి కింద గీత కొట్టి చోటు వదిలారు. ఆ పిల్ల మళ్ళీ చేయలేదు. గీత కింద చోటు అలాగే ఉంది.