ఫోను కంపెనీ అడిగిన పుట్టిన తేదీ

నా చివరి పోస్టింగు రామగిరి మండలంలోని ఒక ఓపెన్‌కాస్టు గని సీహెచ్‌పీలో, షిఫ్టు ఇంజినీరుగా. పదవీ విరమణకు ముందటి ఎండాకాలంలో అక్కడ చేరాను. సీహెచ్‌పీ అంటే గని నుంచి డంపర్లు తెచ్చిన బొగ్గును ముక్కలు చేసి, పొడవాటి రబ్బరు బెల్టుల మీద బంకరుకు చేర్చి, రైలు వ్యాగన్లలో నింపే చోటు. బెల్టు ఆగితే వ్యాగన్లు ఆగుతాయి. వ్యాగన్లు ఆగితే నా బల్ల మీది ఫోను ఆగదు.

బెల్టుల మరమ్మతు చూసే ఫోర్‌మన్ రాజమల్లు. గోదావరిఖని పక్క పల్లె నుంచి వచ్చి గనిలో చేరినవాడు. సెలవు దొరికితే అప్పటికీ పొలంలోనే ఉండేవాడు. ఎలక్ట్రీషియన్ ఖాజా అతనికి జోడీ. ఒకరి టిఫిన్ డబ్బా ఇంకొకరు అడగకుండా తెరిచేంత చనువు.

ఒకరోజు మొదటి షిఫ్టులో రాజమల్లు కొత్త స్మార్ట్‌ఫోను పట్టుకొని నా గదికి వచ్చాడు. ముఖంలో సంబరం లేదు.

“సారూ, కంపెనీ అకౌంటు తెరవాల్నట. పేరు, పుట్టిన తారీఖు అడుగుతాంది. ఫోను కొన్నా గూడ కంపెనీకి చెప్పాల్నా?”

మా ప్రాంతంలో కంపెనీ అంటే బొగ్గు కంపెనీయే, ఇంకొకటి లేదు. అడుగుతున్నది ఫోను తయారు చేసినవాళ్లని, మన ఉద్యోగాలకూ దానికీ సంబంధం లేదని వివరించాను. అతనికి నమ్మకం కుదరలేదు. అసలు చిక్కు పుట్టిన తేదీ. అతనికి అవి రెండున్నాయి. ఉద్యోగంలో చేరేనాటికి వయసు చాలక, ఎక్కువ చెప్పి చేరాడు. సర్వీసు రికార్డులో ఒక తేదీ, వాళ్ల అవ్వ లెక్కలో ఇంకొకటి. రిటైర్మెంటు దగ్గర పడ్డాక ఈ సంగతి బయటపడితే గ్రాట్యుటీకి ఎక్కడ ఎసరు పెడతారోనని భయం. ఈ విషయం సీహెచ్‌పీలో అందరికీ తెలుసు. అధికారికంగా నాకు మాత్రం తెలియదు.

ఖాజా వాదన వేరు. “ఫికర్ జేయకు మల్లన్నా. ఫోన్ పోతే దొరకవట్టాలంటే అకౌంట్ ఉండాలె. మెయిల్ అకౌంట్ షాపుల ఎవడో చేసిచ్చిండు. దాంతోని ఎతుకుదామంటే పాస్‌వర్డ్ నీకు ఎర్కనా?”

“నాకేం ఎర్క?”

“మరి ఫోన్ పోతే?”

“పోతే పోనియ్. తారీఖు మాత్రం బయటికి పోవద్దు.”

కొన్నాళ్లు ఇదే గొడవ. రాజమల్లు ‘తర్వాత’ అన్న చోట నొక్కుతూ పోయాడు, ఫోను అడుగుతూ పోయింది. చివరికి ఫోనుదే పైచేయి అయింది. ఒకరోజు క్యాంటీన్ దగ్గర ఎదురుపడి, “తెరిచిన సారూ” అని ముక్తసరిగా చెప్పి వెళ్లిపోయాడు. ఏ తేదీ ఇచ్చావని నేను అడగలేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఒక బెల్టు జాయింటు విడిపోతుంటే షట్‌డౌన్ తీసుకున్నాం. అంటే కరెంటు తీసేసి, స్విచ్చుకు తాళం వేసి, పర్మిట్ రాసుకొని పనిచేయడం. మనుషులు, పనిముట్లు అన్నీ బయటికి వచ్చాయని ఫోర్‌మన్ సంతకం చేస్తేనే ఇంజినీరు తాళం తీయిస్తాడు. జాయింటు బాగా అతికింది. నాకు చూపించడానికి రాజమల్లు దాని ఫోటో తీశాడు. బయటికి వచ్చి, పెన్ను కోసం చొక్కా జేబు తడుముకున్నాడు. ఫోను లేదు.

సంతకం పెట్టకుండా నేరుగా, బెల్టు పక్కనే స్విచ్చు గదిలో ఉన్న నా దగ్గరికి వచ్చి చెప్పాడు. పోయింది ఫోనే అయినా సంగతి చిన్నది కాదు. దాని బ్యాటరీ రోలర్ల మధ్య నలిగితే మంట పుట్టవచ్చు, చుట్టూ ఉన్నది బొగ్గు పొడి. తాళం తీసేది లేదన్నాను. అవతల ఖాళీ వ్యాగన్ల రైలు వచ్చి నిలబడింది. డిస్పాచ్ అధికారి ఫోన్ చేసి, ఒక ఫోను కోసం రైలు ఆపుతారా అని మండిపడ్డాడు. ఫోను కోసం కాదు, బెల్టు కోసమని చెప్పి పెట్టేశాను.

ఖాజా ఆ నంబరుకు రింగిచ్చాడు. రింగు పోతున్నది కానీ చప్పుడు లేదు. డ్యూటీలో ఫోను సైలెంటులో పెట్టడం రాజమల్లు అలవాటు. ఇక మిగిలింది ఆ అకౌంటే. ఖాజా తన ఫోనులో తెరిచాడు. పాస్‌వర్డ్ రాజమల్లుకు గుర్తుంది. అయితే వేరే ఫోను నుంచి వస్తున్నారు గనుక పుట్టిన తేదీ కూడా చెప్పమంది.

రాజమల్లు నా వైపు చూశాడు. “సారూ, మీరు జర అటు తిరుగుండ్రి.”

“ఎందుకు?”

“తిరుగుండ్రి సారూ, దండం పెడ్త.”

అధికారిగా ఎందరికో ఆదేశాలిచ్చాను. ఫోర్‌మన్ చెబితే గోడ వైపు తిరగడం అదే మొదటిసారి. గోడ మీది భద్రతా సూచనలను శ్రద్ధగా చదువుతూ నిలబడ్డాను. వెనక గుసగుస. ఆ వెంటనే ఖాజా గొంతు, గుసగుస కానే కాదు.

“తప్పంటాంది మల్లన్నా! అలవాటుల సర్వీసు తారీఖు చెప్పినవ్ గదా. దీంట్ల ఏది ఇచ్చినవ్?”

“మెల్లగనయ్యా! సారు ఇంటడు.”

మళ్లీ గుసగుస. ఈసారి తేదీ కుదిరినట్టుంది. ఆగి ఉన్న బెల్టుల నిశ్శబ్దంలో ఫోను గట్టిగా మోగింది. సైలెంటులో ఉన్నా మోగించే ఏర్పాటు అందులో ఉందట. బెల్టు చివర రాలిన బొగ్గు కుప్పలోంచి పారతో జాగ్రత్తగా తీశారు. రాజమల్లు సంతకం చేశాడు. తాళం తీయించి, సైరన్ మోగించి బెల్టు నడిపాం. రైలు ఆలస్యంగా నిండింది.

షిఫ్టు దిగేటప్పుడు, అంత భయం ఉన్నవాడివి అసలు తేదీ ఎందుకిచ్చావని అడిగాను. అధికారికంగా కాదు.

“ఒక్క కాడ తప్పు తారీఖు చెప్పి ఇన్నేండ్లు భయపడ్డ సారూ. ఇంకో కాడ గూడ చెప్తే భయపడనీకి నాకు సర్వీసు ఏడున్నది?” అన్నాడు.

ఆ వారం నుంచి మా షిఫ్టు పర్మిట్లలో పనిముట్ల వరుసలో ఫోన్లను కూడా రాయించాను. కొత్త ఫోను కొన్నవాళ్లు అకౌంటు తెరవాలా వద్దా అని ఇప్పుడు కూడా నన్ను అడుగుతుంటారు. తెరవడం, మానడం వాళ్ల ఇష్టమంటాను. తెరిస్తే మాత్రం, తొందరలో నలుగురి ముందు అడిగినా తడుముకోకుండా చెప్పగల వివరాలే ఇవ్వమంటాను.