వీధిబడి పంతులు బిడ్డ

తొంభైల చివర్లో నేను ఎం.ఫిల్. చేస్తున్నాను. కాకతీయుల కాలం నుంచి వీధిబడుల్లో పిల్లలకు నీతి ఎలా నేర్పేవారన్నది నా అంశం. ముందు ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. తర్వాత పంతులు తాటాకు మీద ఒక నీతివాక్యం రాసిస్తే, పిల్లలు దాన్నే పదేపదే రాసేవారు. చేతిరాత, నడవడిక ఒకేసారి కుదురుతాయని. అలాంటి వాక్యాలు దొరికితేగాని నా పని ముందుకు సాగదు.

శామీర్‌పేటలో ఒక అవ్వ దగ్గర ఉన్నాయని తెలిసి మేడ్చల్ నుంచి వెళ్లాను. ఆమెకు డెబ్బై ఏళ్లుంటాయి. తండ్రి ఇంట్లోనే వీధిబడి నడిపిన పంతులు. పాత తాటాకుల్లోని వాక్యాలన్నీ నోటుబుక్కులో ఎక్కించి పోయాడు. ఆడపిల్లని ఆమెను మాత్రం బడిలో కూర్చోనివ్వలేదు. వంటింటి గోడ వెనక నిలబడి, చెవిన పడ్డవన్నీ ఆమె కంఠతా పట్టింది. అక్షరం మాత్రం రాదు.

నోటుబుక్కు ఒళ్లో పెట్టుకుంది కానీ గుడ్డ మూట విప్పలేదు. చదివి వినిపిస్తానన్నాను.

"వినుడు అయిపోయింది బిడ్డా. మా నాయిన రాసింది ముందుగాల నేనే చదువుకుంట. నాకు అక్షరాలు నేర్పు. అటెన్క నువ్వు రాసుకపో."

గడువు దగ్గరపడుతోందని బతిమాలాను. వినలేదు. కోపంగానే ఇంటికొచ్చాను. మరుసటి ఆదివారం పలకా బలపం కొనుక్కుని వెళ్లాను.

ఏడు నెలలు పట్టింది. చూపు ఆనక వాకిట్లో ఎండలోనే కూర్చునేది. వేళ్లు వంగేవి కావు. ఒత్తుల దగ్గర నాకు విసుగొచ్చి రెండుసార్లు మానేద్దామనుకున్నాను. ఆమె ఒక్కసారీ అనుకోలేదు.

చలికాలంలో ఒకరోజు మూట విప్పి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదవసాగింది. కంఠతా వచ్చిన మాటలు కళ్లకు కనబడుతుంటే ముఖం వెలిగిపోయింది. మూడో పేజీలో ఆగింది. పెద్దలను ఎదురు ప్రశ్నించకూడదని అక్కడుంది. దాని కిందే, అర్థం కాకపోతే గురువునైనా మళ్లీ అడగాలని ఇంకో వరుస. ఆ రెండో వరుస ఆమె ఎన్నడూ వినలేదు. అప్పుడే తల్లి పనికి పిలిచిందో ఏమో. మూడుసార్లు చదివింది.

"బడికెందుకు వద్దని నా బిడ్డ చిన్నగున్నప్పుడు అడిగింది. గీ మీది వరుసే చెప్పి నోరు మూయించిన," అంది. ఏడవలేదు.

మర్నాడే నోటుబుక్కు సంచిలో పెట్టుకుని బహదూర్‌పల్లిలో ఉన్న కూతురి దగ్గరికి ఒక్కతే బయల్దేరింది. కూతురి ముందు రెండు వరుసలూ చదివి, తప్పు తనదేనని ఒప్పుకుందట. కూతురు ఇన్నేళ్లు మనసులో దాచుకున్న ప్రశ్నలన్నీ అడిగిందట. పొద్దుగూకేదాకా కూర్చుని జవాబు చెప్పానని అవ్వే నాతో చెప్పింది.

ఆ ఆదివారం నోటుబుక్కు నా చేతికిచ్చింది. నా పరిశోధన ఆరు నెలలు ఆలస్యమైంది. కారణం అడిగిన మా గైడుకు, చదువు చెబుతున్నానని మాత్రం అన్నాను.